కార్బన్ ఫైబర్ బాడీనా.. స్టీల్ బాడీనా? ప్రాజెక్ట్ కారు మొదలుపెట్టే ముందు ఈ లెక్కలు చూసుకోండి

పాత కారు కొని, నట్టు నట్టూ విప్పి, మళ్లీ తమకు నచ్చినట్టు తయారు చేసుకోవడం కొందరికి పెద్ద సరదా. దీన్నే ప్రాజెక్ట్ కారు అంటారు. అమెరికాలో ఈ హాబీకి దశాబ్దాల చరిత్ర ఉంది. 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్, షెవర్లే కమారో, డాడ్జ్ ఛార్జర్ లాంటి కార్లను ఇంటి గ్యారేజీలోనే బాగు చేసుకునే వాళ్లు అక్కడ చాలామంది. మన దగ్గర కూడా పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, జీపుల మీద మోజు తగ్గలేదు.

అయితే పాత కారు విప్పగానే మొదట కనిపించేది తుప్పు. ఫ్లోర్ పోయి ఉంటుంది, డోర్ల అడుగు భాగం పొడిపొడిగా రాలుతుంది. అప్పుడే ఈ ప్రశ్న వస్తుంది. ఉన్న స్టీల్ బాడీనే బాగు చేయించాలా? లేక నల్లగా మెరిసే కార్బన్ ఫైబర్‌కు మారిపోవాలా?

సూటిగా చెప్పాలంటే, రోడ్డు మీద తిరిగే ప్రాజెక్ట్ కారుకు చాలా సందర్భాల్లో మంచి స్టీల్ బాడీయే సరైన ఎంపిక. కావాలంటే దానికి ఒకటి రెండు కార్బన్ ప్యానెల్స్ జోడించుకోవచ్చు. ఖర్చు ఒక్కటే దీనికి కారణం కాదు. బరువు, భద్రత, రిపేర్, ఆర్సీ.. ఈ నాలుగూ కలిపి చూసుకోవాలి. అవేంటో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

అసలు తేడా ఏంటి?

స్టీల్ ఒకే లోహపు రేకు. ఎటు లాగినా దాదాపు ఒకేలా బలం చూపిస్తుంది. కార్బన్ ఫైబర్ అలా కాదు. యాక్రిలిక్ రకానికి చెందిన సన్నని పోగులను గాలి తగలకుండా 1000 డిగ్రీల సెల్సియస్ పైన కాలిస్తే కార్బన్ పోగులు మిగులుతాయి. వాటిని బట్టలా నేస్తారు. ఆ బట్టను పొరలు పొరలుగా పేర్చి, ఎపాక్సీ రెజిన్‌తో తడిపి గట్టిపరుస్తారు. అంటే మనం కార్బన్ ఫైబర్ ప్యానెల్ అంటున్నది నిజానికి బట్ట, జిగురు కలిసిన మిశ్రమం.

ఇక్కడో కిటుకు ఉంది. పోగు ఎటు నడుస్తుందో అటే బలం. నేత బట్టలో పడుగు, పేక ఉన్నట్టే ఇందులోనూ ఉంటాయి. ఏ దిశలో బలం కావాలో చూసుకుని, పొరలను 0, 45, 90 డిగ్రీల కోణాల్లో పేర్చాలి. ఈ పేర్పు తెలిసిన చేతిలో కార్బన్ అద్భుతం. తెలియని చేతిలో ఖరీదైన ప్లాస్టిక్ రేకు, అంతే.

బరువు లెక్క.. నిజంగా ఎంత తగ్గుతుంది?

ఒక ఘనపు సెంటీమీటర్ స్టీల్ బరువు దాదాపు 7.85 గ్రాములు. అదే కార్బన్ ఫైబర్ మిశ్రమం అయితే 1.6 గ్రాముల దగ్గర ఉంటుంది. అంటే దాదాపు ఐదో వంతు. అయితే బాడీ బరువు కూడా ఐదో వంతుకు పడిపోతుందనుకుంటే పొరపాటే.

ఎందుకంటే అన్ని దిశల్లోనూ పొరలు పేర్చిన కార్బన్ రేకు, అదే మందం ఉన్న స్టీల్ రేకు కంటే మెత్తగా వంగుతుంది. అందుకే కాస్త మందంగా చేయాలి. 0.8 మిల్లీమీటర్ల స్టీల్ రేకు చదరపు మీటరుకు 6.3 కిలోలు తూగుతుంది. వంగకుండా అదే బిగువు కావాలంటే కార్బన్ రేకు సుమారు 1.3 మిల్లీమీటర్లు ఉండాలి. దాని బరువు 2 కిలోల పైచిలుకు. అంటే బరువు మూడో వంతుకు తగ్గుతుంది. ఇది కూడా చాలా మంచి లెక్కే.

ఇప్పుడు దీన్ని కారుకు అన్వయిద్దాం. ఉదాహరణకు 1300 కిలోల కారు తీసుకోండి. బానెట్, డిక్కీ మూత, ముందు రెండు ఫెండర్లు కలిపి స్టీల్‌లో 50 కిలోలు అనుకుందాం. కార్బన్‌లో చేయిస్తే హింజెస్, తాళాలు, లోపలి బిగింపులు పోను 30 కిలోల దాకా తగ్గొచ్చు. మొత్తం కారు బరువులో ఇది 2.3 శాతం. వెనక సీటు తీసేసినా, బరువైన వీల్స్ మార్చినా ఇంచుమించు ఇంత తేడా వస్తుంది.. అదీ చాలా తక్కువ ఖర్చుతో. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్స్, అద్దాలు, సీట్లు, టైర్లు.. వీటి బరువు బాడీ మార్చినంత మాత్రాన తగ్గదు.

అయితే బరువు ఎక్కడ తగ్గిందన్నది కూడా ముఖ్యమే. 2003లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ఎల్ కారుకు కార్బన్ ఫైబర్ రూఫ్ పెట్టారు. పైభాగంలో కొన్ని కిలోలు తగ్గితే కారు గురుత్వ కేంద్రం కిందికి వస్తుంది, మలుపుల్లో పట్టు పెరుగుతుంది. కాబట్టి కార్బన్‌కు ఖర్చు పెట్టదలుచుకుంటే రూఫ్, బానెట్ లాంటి చోట్ల పెట్టడమే లాభం.

బాడీయే ఛాసిస్ అయితే?

చాలామంది పట్టించుకోని విషయం ఇదే. కార్లలో రెండు రకాలున్నాయి. ఒకటి, కింద విడిగా ఛాసిస్ ఉండి దాని మీద బాడీ కూర్చునేది. పాత జీపులు, మారుతీ జిప్సీ ఈ కోవలోకి వస్తాయి. రెండోది, బాడీయే ఛాసిస్‌లా పనిచేసే మోనోకాక్ రకం. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతీ 800.. అమెరికాలో అయితే తొలి తరం మస్టాంగ్.. ఇవన్నీ ఈ రకమే.

మొదటి రకంలో బాడీ అంటే తొడుగు లాంటిది. దాన్ని మార్చినా కారు ఎముకల గూడు అలాగే ఉంటుంది. 1953లో వచ్చిన తొలి షెవర్లే కార్వెట్ బాడీని ఫైబర్‌గ్లాస్‌తో చేయగలిగారంటే, కింద స్టీల్ ఫ్రేమ్ ఉండబట్టే.

రెండో రకంలో అలా కుదరదు. రూఫ్, పిల్లర్లు, ఫ్లోర్, డోర్ల కింది సిల్స్ అన్నీ కలిసి సస్పెన్షన్ బరువును మోస్తుంటాయి. వీటిని కోసి కార్బన్ ముక్కలు అతికిస్తే సరిపోదు. కింద కొత్తగా స్టీల్ ట్యూబ్ ఛాసిస్ కట్టాలి, లోపల రోల్ కేజ్ వేయాలి. దాంతో కార్బన్‌తో తగ్గిన బరువులో కొంత భాగం ఆ ట్యూబుల రూపంలో వెనక్కి వచ్చేస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉన్న స్పీడ్‌కోర్ సంస్థ 1970 మోడల్ డాడ్జ్ ఛార్జర్‌కు పూర్తి కార్బన్ ఫైబర్ బాడీ చేసి చూపించింది. అలాంటి కార్ల వెనక డిజైన్ టీమ్, మోల్డులు, బట్టీలు ఉంటాయి. ఇంటి గ్యారేజీ పని కాదది.

బోల్టులతో బిగించే బానెట్, డిక్కీ మూత, ఫెండర్లు మోనోకాక్ కారులో కూడా మార్చుకోవచ్చు. కానీ డోర్లతో జాగ్రత్త. చాలా కార్ల డోర్ లోపల పక్క నుంచి వచ్చే దెబ్బను తట్టుకునే స్టీల్ బీమ్ ఉంటుంది. మార్కెట్‌లో రేసింగ్ కోసం అమ్మే కార్బన్ డోర్ షెల్స్ చాలావాటిలో ఆ బీమ్ ఉండదు. రోల్ కేజ్ లేని రోడ్డు కారుకు అలాంటి డోర్ పెడితే మీ పక్కటెముకలకు అడ్డుగా ఉన్నది రెండు మిల్లీమీటర్ల రేకు మాత్రమే.

యాక్సిడెంట్ అయితే ఏది కాపాడుతుంది?

కార్బన్ ఫైబర్ పెళుసు, పగిలిపోతుంది అంటారు కొందరు. రేస్ కార్లన్నీ దాంతోనే చేస్తారుగా అంటారు ఇంకొందరు. రెండింటిలోనూ సగం నిజం ఉంది.

ఫార్ములా వన్‌లో పూర్తి కార్బన్ ఫైబర్ మోనోకాక్‌తో వచ్చిన తొలి కారు 1981 నాటి మెక్‌లారెన్ ఎంపీ4/1. డిజైనర్ జాన్ బర్నార్డ్. అమెరికాలోని హెర్క్యులిస్ సంస్థ దాన్ని తయారు చేసిపెట్టింది. అదే ఏడాది ఇటలీలోని మోంజాలో డ్రైవర్ జాన్ వాట్సన్ కారు అదుపు తప్పి బ్యారియర్‌ను ఢీకొంది. ఇంజిన్ విడిపోయి దూరంగా పడింది. వాట్సన్ మాత్రం నడుచుకుంటూ బయటికొచ్చారు. కార్బన్ మీద అప్పటిదాకా ఉన్న అనుమానాలు ఆ ఒక్క ప్రమాదంతో చాలావరకు తీరిపోయాయి. 1992లో జనం ముందుకొచ్చిన మెక్‌లారెన్ ఎఫ్1 రోడ్డు కారులోనూ ఈ టెక్నాలజీని వాడారు.

అయితే వాట్సన్‌ను కాపాడింది నల్లటి బట్ట ఒక్కటే కాదు. రెండు కార్బన్ పొరల మధ్య అల్యూమినియం తేనెపట్టు లాంటి గూడు పెట్టి, ఏ దెబ్బ ఎటు వెళ్లాలో ముందే లెక్కలు వేశారు. అలా డిజైన్ చేసిన కార్బన్ కిలోకు కిలో చూస్తే స్టీల్ కంటే ఎక్కువ శక్తిని పీల్చుకోగలదు. ఆ లెక్కలేవీ లేకుండా మోల్డ్‌లో పోసి తీసిన ప్యానెల్ మాత్రం ఒక హద్దు దాకా తట్టుకుని, ఆ తర్వాత ఒక్కసారిగా విరుగుతుంది. అంచులు గాజుపెంకుల్లా పదునుగా ఉంటాయి.

స్టీల్ గుణం వేరు. అది ముందు వంగుతుంది, ముడతలు పడుతుంది, ఆ ముడతల్లోనే దెబ్బను మింగుతుంది. కంపెనీలు ముందు భాగంలో క్రంపుల్ జోన్లు పెట్టేది ఈ గుణాన్ని నమ్ముకునే. అలాగని తుప్పు తినేసిన స్టీల్ ఇలా కాపాడుతుందని అనుకోవద్దు. సిల్స్, పిల్లర్ల అడుగు భాగాలు తుప్పు పట్టి ఉంటే వాటి మీద పుట్టీ పెట్టి పెయింట్ కొట్టడం మోసం కిందే లెక్క. ఆ భాగాన్ని కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే.

రిపేర్ చేసేవాళ్లు ఎక్కడున్నారు?

స్టీల్ బాడీకి సొట్ట పడితే ఏ ఊళ్లోనైనా టింకరింగ్ షాపు దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటైతే చెప్పక్కర్లేదు. సొట్ట లాగడం, రేకు కోసి అతకడం, పెయింట్ కలపడం.. తరతరాలుగా చేతికి వచ్చిన పనులు. పైగా స్టీల్ దెబ్బతింటే కంటికి కనిపిస్తుంది.

కార్బన్‌తో వచ్చిన చిక్కే ఇది. పైకి చిన్న గీతలా కనిపించినా లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. దీన్ని డీలామినేషన్ అంటారు. నాణెంతో మెల్లగా తట్టుతూ వెళ్తే గట్టి చోట స్పష్టంగా, పొర విడిన చోట బొంగురుగా శబ్దం వస్తుంది. ఇది ప్రాథమిక పరీక్ష మాత్రమే. బరువు మోసే భాగం అయితే అల్ట్రాసౌండ్ లాంటి పరీక్ష చేయించాలి. బాగు చేయడానికి దెబ్బతిన్న చోట పొరలను వాలుగా గీకి, అదే దిశలో కొత్త పొరలు అతికించాలి. ఈ పని తెలిసినవాళ్లు పెద్ద నగరాల్లో కూడా కొద్దిమందే.

ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

కార్బన్ బట్ట ఖరీదైనదే. కానీ ఒక్క కారు కోసం చేయించేటప్పుడు అసలు ఖర్చు మోల్డ్ దగ్గర ఉంటుంది. ఒకే మోల్డ్‌తో పాతిక బానెట్లు తీస్తే ఖర్చు పాతిక వాటాలు అవుతుంది. ఒక్కటే తీస్తే మొత్తం మీ నెత్తినే.

ఇంకో సంగతి. మోల్డ్ తీయాలంటే నమూనా కావాలి. ఆ నమూనా మీ కారు స్టీల్ ప్యానెలే. దాని మీద సొట్ట ఉంటే మోల్డ్‌లోనూ అదే సొట్ట వస్తుంది. అంటే కార్బన్ బాడీ కావాలన్నా ముందు స్టీల్ బాడీని చక్కగా చేయించుకోవాల్సిందే.

తయారీలోనూ మూడు పద్ధతులున్నాయి. చేత్తో రెజిన్ పూసేది చవక, కానీ బరువు ఎక్కువ, గాలి బుడగలు ఉండిపోతాయి. వ్యాక్యూమ్‌తో రెజిన్‌ను లాగేది మధ్యరకం. ముందే రెజిన్ పట్టించిన ప్రీప్రెగ్ బట్టను ఆటోక్లేవ్ అనే ప్రెషర్ బట్టీలో ఉడికించేది అన్నిటికంటే నాణ్యమైనది. ప్రీప్రెగ్‌ను మైనస్ 18 డిగ్రీల దగ్గర ఫ్రీజర్‌లో దాచాలి, సాధారణంగా 120 నుంచి 180 డిగ్రీల మధ్య కాల్చాలి. ధర చెప్పేవాళ్లను ముందు అడగాల్సింది.. ఏ పద్ధతి అని.

స్టీల్‌లో మరో దారి కూడా ఉంది. అమెరికాలో డైనాకార్న్ సంస్థ ఫోర్డ్ లైసెన్స్‌తో పాత మస్టాంగ్ స్టీల్ బాడీలను సరికొత్తగా తయారు చేసి అమ్ముతోంది. తుప్పు పట్టిన బాడీ మీద నెలల తరబడి కూర్చునే బదులు అలాంటి కొత్త షెల్‌తో మొదలుపెట్టేవాళ్లు అక్కడ ఉన్నారు. మన పాత కార్లకు అలా రెడీమేడ్ షెల్ ఆశించలేం. కాబట్టి కొనేటప్పుడే బాడీ బాగున్న కారు ఎంచుకోవడం తెలివైన పని. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. రేకు మీద అతుక్కోని చోట పుట్టీ మందంగా ఉందని అర్థం.

ఎండ, తుప్పు, కరెంట్..

కార్బన్ తుప్పు పట్టదు. నిజమే. కానీ దాన్ని తాకే లోహానికి తుప్పు పట్టిస్తుంది. కార్బన్ విద్యుత్ వాహకం. అల్యూమినియం లేదా మామూలు స్టీల్ బోల్టు దానికి నేరుగా తగిలి, మధ్యలో తేమ చేరితే ఆ లోహం త్వరగా తినేయబడుతుంది. దీన్ని గాల్వానిక్ కొరోజన్ అంటారు. అందుకే కార్బన్‌కు, లోహానికి మధ్య గ్లాస్ ఫైబర్ పొర వేస్తారు, స్టెయిన్‌లెస్ లేదా టైటానియం బోల్టులు వాడతారు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఎండ ఇంకో సమస్య. ఎపాక్సీ రెజిన్ అతినీలలోహిత కిరణాలకు పసుపు రంగులోకి మారుతుంది. పైన యూవీ రక్షణ ఉన్న క్లియర్ కోట్ వేయాలి. గది ఉష్ణోగ్రతలోనే ఆరబెట్టిన చవక రెజిన్ అయితే మన మే నెల ఎండలో, కింద ఇంజిన్ వేడికి మెత్తబడి వంకర పోయే ప్రమాదం ఉంది. రెజిన్ ఎంత వేడి తట్టుకుంటుందో కొనేముందే రాయించుకోండి.

వైరింగ్ సంగతీ మర్చిపోవద్దు. స్టీల్ కారులో బాడీయే ఎర్త్. హెడ్‌లైట్ల నుంచి హారన్ దాకా నెగెటివ్ కరెంట్ బాడీ ద్వారానే వెనక్కి వెళ్తుంది. కార్బన్ ప్యానెల్ పెడితే ప్రతిదానికీ విడిగా ఎర్త్ వైర్ లాగాలి.

పనిచేసేవాళ్లకూ రక్షణ కావాలి. కార్బన్‌ను సాన పట్టినప్పుడు లేచే దుమ్ము చర్మానికి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్క్, గ్లోవ్స్, కళ్లద్దాలు ఉండాలి. గాల్వనైజ్డ్ రేకు వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ కూడా ప్రమాదకరమే.

ఇది నిజమైన కార్బనేనా?

కార్బన్ పేరుతో అమ్మేవన్నీ కార్బన్ కాదు. కొన్ని ఉత్త స్టిక్కర్లు. కొన్నిటిలో పైన ఒక్క కార్బన్ పొర, కింద అంతా ఫైబర్‌గ్లాస్. చూడటానికి బాగుంటాయి, బరువు మాత్రం పెద్దగా తగ్గదు. ప్యానెల్ వెనక్కి తిప్పి చూడండి, కాటా మీద పెట్టండి, మీ పాత స్టీల్ ప్యానెల్ బరువుతో పోల్చండి. ఇంకో మాట.. తేలికైన కార్బన్ బానెట్‌ను పాత లాక్ ఒక్కదాని మీదే నమ్మొద్దు. వేగంలో గాలికి లేచి అద్దం మీద పడే ప్రమాదం ఉంది. అదనంగా బానెట్ పిన్స్ పెట్టించండి.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో ఇదే అన్నిటికంటే పెద్ద అడ్డంకి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే అవకాశం ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ సమయంలో మెడకు చుట్టుకుంటాయి.

వింటేజ్ కార్ల యజమానులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపంలో ఉన్న వాహనాలకే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, పదేళ్లకు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే తాతగారి కాలం నాటి ఫియట్‌కు కార్బన్ బాడీ వేస్తే ఆ గుర్తింపు వదులుకున్నట్టే.

అమెరికాలో నిబంధనలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో సొంతంగా కట్టుకున్న కార్లకు ఏటా 500 మందికే ప్రత్యేక వెసులుబాటు సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త షెల్ కొన్నాక పాత కారు వీఐఎన్ ప్లేట్ పీకి దానికి తగిలించేద్దాం అనుకోవద్దు. వీఐఎన్ తొలగించడం, మార్చడం ఫెడరల్ చట్టం కింద నేరం కావొచ్చు. షెల్ కొనకముందే రాష్ట్ర డీఎంవీ ఆఫీసులో అడగండి.

మరి ఎవరికి ఏది మంచిది?

రోజూ లేదా వారాంతాల్లో రోడ్డు మీద తిప్పే కారు: స్టీల్ బాడీ. తుప్పు పూర్తిగా తీయించండి, లోపలి గూళ్లలో తుప్పు నిరోధక మైనం కొట్టించండి.

వింటేజ్ ర్యాలీలకు వెళ్లే కారు: స్టీల్ తప్ప వేరే ఆలోచనే వద్దు. ఇక్కడ విలువంతా ఒరిజినాలిటీలోనే ఉంది.

స్పీడ్, హ్యాండ్లింగ్ కావాలి, రోడ్డు మీదా నడపాలి: స్టీల్ షెల్ ఉంచుకుని బానెట్, డిక్కీ మూత మాత్రమే కార్బన్. అదీ ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో రాతపూర్వకంగా అడిగాకే.

చెన్నై, కోయంబత్తూరు లాంటి చోట్ల ఉన్న రేస్ ట్రాక్‌ల మీద మాత్రమే నడిపే కారు: రోల్ కేజ్ లేదా ట్యూబ్ ఛాసిస్ ఉంటే కార్బన్ ప్యానెల్స్ నిజంగా పనికొస్తాయి. విరిగినప్పుడు మార్చడానికి స్పేర్ ప్యానెల్, మోల్డ్ దగ్గర ఉండాలి.

షోలో పెట్టే కారు, బడ్జెట్‌కు లోటు లేదు: పూర్తి కార్బన్ బాడీ వేయించుకోవచ్చు. కాకపోతే ఇంతకుముందు అలాంటి కారు పూర్తి చేసి, నడిపి చూపించిన వాళ్ల చేతికే ఇవ్వండి.

ఒకవేళ బడ్జెట్ పరిమితమైతే బాడీ కంటే ముందు బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, సీట్ బెల్టుల మీద పెట్టండి. పాత కారును సేఫ్‌గా మార్చేవి ముందుగా అవే. ఆ తర్వాత డబ్బు మిగిలితే, అప్పుడు కార్బన్ బానెట్ గురించి ఆలోచించొచ్చు.